గులాల్ పట్టిన తాళ్లు

ఈ సంగతి ఇన్నేళ్లూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం వచ్చేది కాదు, అంతే. ఉద్యోగంలో ఉన్నంతకాలం వేలిముద్రతోనే గడిచింది. నా బొటనవేలికి ఎప్పుడూ గ్రీజు అంటి ఉండేది కనుక, నేను కనబడగానే ఆఫీసు గుమస్తా ఇంకు డబ్బా మూసేసేవాడు. "నీకు ఇంకెందుకమ్మ, ఊకనే ఒత్తు" అని నవ్వేవాడు. తర్వాత వేలు పెట్టే మిషన్ వచ్చింది. ఆకురాయితో అరిగిపోయిన నా వేలిని ఆ మిషన్ మనిషి వేలని ఒప్పుకునేది కాదు. పొద్దున్నే అందరికన్నా ముందు షెడ్డులో ఉండి కూడా, హాజరులో మాత్రం రానిదాన్నయ్యేదాన్ని.

రిటైరయ్యాక మా కాలనీలో ఒక టీచరమ్మ సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెబుతానంటే వెళ్లాను. ఆమె కూడా రిటైరైన మనిషే. ఇద్దరికీ పొద్దుపోదు. అచ్చులూ హల్లులూ ఒక ఎండాకాలంలో వచ్చేశాయి. ఒత్తులు మాత్రం ఇంకా సతాయిస్తూనే ఉన్నాయి. రంపం గొలుసుకు ఎన్ని పళ్లున్నా పదును పెట్టే తీరు ఒకటే. ఒత్తులకు అట్లా కాదు, దేని తీరు దానిదే. "నీకు మంచిగ తెలిసిన ముచ్చట ఏదన్న రాయి, చెయ్యి తిరుగుతది" అన్నది టీచరమ్మ. నాకు బాగా తెలిసింది మా షెడ్డు. షెడ్డు రోజుల్లో బాగా గుర్తున్నది ఒక ఆదివారం. చెట్ల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు పనికొస్తుందేమోనని దాన్ని రాస్తున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు. అందరూ బాగానే ఉన్నారు, ఇప్పటికీ ఫోన్లు చేస్తారు. పేర్లు రాస్తే తిడతారు.

మా షెడ్డు హనుమకొండలో ఉండేది. రోడ్ల పక్క చెట్లు, పార్కుల్లో చెట్లు, గాలివానకు విరిగిపడ్డ కొమ్మలు చూసుకోవడం మా పని. నేను మొదట చీపురుతో ఆకులు ఊడ్చడానికి చేరాను. షెడ్డులో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. రంపానికి పదును పెట్టేటప్పుడు అది కదలకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలని నన్ను పిలిచేవాడు. పట్టుకుని చూస్తూ ఉంటే ఆ పని నా చేతికి కూడా వచ్చింది. ఆయన వెళ్లిపోయాక ఆ గ్రీజులో చేయి పెట్టడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. అట్లా షెడ్డు తాళంచెవి నా కొంగు చివర ముడిపడింది.

పని చెప్పుకుంటే పెద్ద విద్యేమీ కాదు. పెట్రోలు రంపాలకు నూనె కలిపిన పెట్రోలే పోయాలి. ఉత్త పెట్రోలు పోస్తే ఆ పూటకు ఉరుకుతుంది, మరుసటి పూటకు ఇంజను పట్టేస్తుంది. గొలుసు సాయంత్రమే విప్పి తుడవాలి. చెట్టు పాలు ఆరితే జిగురై కూర్చుంటుంది. పొద్దున దాన్ని గీకడానికి కూర్చుంటే పనికిపోయే బండి ఆగిపోతుంది. ఇవన్నీ తప్పుచేస్తే వెంటనే తెలిసే పనులు. రంపానికి ఒంట్లో బాగాలేకపోతే దగ్గుతుంది, పొగ కక్కుతుంది. బండికి బాగాలేకపోతే కింద నూనె కారుస్తుంది. ఒక్క తాడు మాత్రం ఏమీ చెప్పదు.

మా దగ్గర తాళ్లు రెండు రకాలు. చూడడానికి అన్నీ ఒక్క తీరే, తెల్లగా, చేతికి మెత్తగా, ఒకే మందంతో ఉండేవి. వాడకంలోనే తేడా. కొన్ని మనిషి నడుముకు కట్టుకుని చెట్టెక్కేవి. కొన్ని కోసిన కొమ్మను మెల్లగా కిందికి దించేవి. కొమ్మ దించిన తాడుతో మనిషి ఎక్కగూడదు. బరువు ఒక్కసారిగా గుంజినప్పుడు తాడు లోపలి పోగులు దెబ్బతింటాయి, పైన తొడుగు మాత్రం నున్నగానే ఉంటుంది. కొత్త తాడు వచ్చినప్పుడు దానికొక చీటీ ఉండేది. నాకు అది చదవరాదు కనుక, మనిషి తాళ్ల కొసలకు ఎర్రదారం, కొమ్మ తాళ్ల కొసలకు నల్లదారం గట్టిగా చుట్టి పెట్టేదాన్ని. షెడ్డులో పనిచేసిన ప్రతివాడికీ ఆ రెండు రంగులు తెలుసు.

ఇక మనుషులు. మా డ్రైవరు నాకన్నా పెద్దవాడు, నేను అన్నా అనేదాన్ని. బండి అద్దాన్ని తన మొహం కన్నా శ్రద్ధగా తుడిచేవాడు. చెట్టెక్కేవాడు నాకన్నా చాలా చిన్న. తమ్ముడనేదాన్ని. ములుగు అవతలి ఊరివాడు. చిన్నప్పుడే ఇప్పచెట్లూ తునికిచెట్లూ ఎక్కి పెరిగాడు. మా ఊళ్లో అతను ఎక్కని పెద్దచెట్టు లేదు. చెట్టు మీద ఉన్నప్పుడు పాటలు పాడేవాడు, కింద ఉన్నప్పుడు సణిగేవాడు. వీళ్లందరి మీద ఒక మేడం. వయసులో నా బిడ్డంత. మా మాటకు విలువిచ్చేది, దానివల్లనే ఒకసారి చిక్కుల్లో పడింది.

అదెట్లాగంటే, మాకు కొత్త బండి కొనాలని వచ్చింది. పొడుగు చేయి చివర మనిషి నిలబడే తొట్టి ఉంటుంది కదా, ఆ బండి. మేము దాన్ని గంపబండి అనేవాళ్లం. రెండు బండ్లు తెచ్చి ఆఫీసు ముందు నిలబెట్టారు. ఒకటి చిన్నది, సన్నటిది. ఇంకోటి లారీ అంతది. మేడం చిన్నదాని చుట్టూ తిరిగి, "మన సందులకు ఇది సరిపోతది. పెద్దది మెయిన్ రోడ్లకే పనికొస్తది" అన్నది. మా డ్రైవరన్న అప్పటికే పెద్దబండి ఎక్కి స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. దిగమంటే దిగడు.

"మేడం, గా చిన్నది బండేనా? సర్కస్ల జోకరు తొక్కేదానిలెక్కున్నది" అన్నాడు పైనుంచి.

నేనూ పెద్దదాన్నే మెచ్చుకున్నాను. దానికి గ్రీజు పెట్టే చోట్లన్నీ నిలబడితే అందేట్టున్నాయి. చిన్నదానికైతే కింద పడుకుని పాకాలి. చెట్టెక్కే తమ్ముడు కూడా పెద్దదే కావాలన్నాడు. అతనికి గంపంటేనే గిట్టదు కదా, ఇదేమి వింత అని పక్కకు పిలిచి అడిగాను.

"అక్కా, బండి ఎంత పెద్దగుంటే అన్ని తక్కువ సందులల్లకు పోతది. అది పోని కాడికి ఎవ్వలు ఎక్కాలె? నేనే గద" అన్నాడు చెవిలో.

మేడం మా మొహాలు చూసింది. "పని చేసేది మీరు. మీ ఇష్టం" అన్నది. పెద్దబండి వచ్చింది. డ్రైవరన్న దానికి నిమ్మకాయలు, మిరపకాయలు, నల్లతాడు, ఒక చిన్న చెప్పు కూడా కట్టాడు. కొన్నాళ్లు మా ఆనందానికి అంతులేదు.

ఆ సంవత్సరం వినాయక నిమజ్జనం శుక్రవారం వచ్చింది. ఆ రోజున నేను ఊళ్లో లేను. ములుగులో మా అక్క మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే వెళ్లాను. ఆ రోజు మావాళ్లకు డ్యూటీ ఉంటుంది. ఊరేగింపు పోయే దారిలో పెద్ద విగ్రహాలకు తగిలే కొమ్మలు కొట్టాలి. అందుకని తాళంచెవి డ్రైవరన్నకు ఇచ్చి వెళ్లాను. శనివారం రాత్రి బస్సుకు తిరిగొచ్చాను. ఆ రాత్రంతా గాలి, వాన. ఆదివారం తెల్లవారగానే ఫోను.

ఒక బడిలో నిద్రగన్నేరు చెట్టు పెద్దకొమ్మ విరిగింది. కింద పడలేదు. ఇంకో కొమ్మల పంగలో చిక్కుకుని, చిన్నపిల్లల రేకుల గదుల మీద వేలాడుతోంది. సోమవారం బడి ఉంది. ఆరోజే దించాలి.

నేను షెడ్డుకు పోయేసరికి డ్రైవరన్న, తమ్ముడు నాకన్నా ముందే ఉన్నారు. ఇద్దరూ కొత్త అల్లుళ్లలా నవ్వుతూ నిలబడ్డారు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. షెడ్డు ఊడ్చి ఉంది. తాళ్లన్నీ ఉతికి, ఆరేసి, చుట్టలు చుట్టి, కొక్కేలకు వరసగా తగిలించి ఉన్నాయి. లేత గులాబీ రంగులో, పెళ్లివారింటి దండల్లా.

"ఇదేంది?" అన్నాను.

"ఉతికినం చెల్లె. సర్ఫుల నానబెట్టి, బ్లీచింగు ఏసి మరీ ఉతికినం. నువ్వచ్చేటాల్లకు మంచిగుండాలె గదా" అన్నాడు డ్రైవరన్న.

"ఎందుకు ఉతకాల్సొచ్చింది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మెల్లగా సంగతి బయటికొచ్చింది. చెరువు దగ్గర ఒక కాలనీవాళ్ల వినాయకుడి ట్రాలీ బురదలో దిగబడిపోయింది. వెనక బండ్లన్నీ ఆగిపోయాయి. జనం అరుస్తున్నారు, బ్యాండు వాయిస్తూనే ఉంది. మా బండిలో తాళ్లున్నాయి. డ్రైవరన్న ఊరుకుంటాడా? ఉన్న తాళ్లన్నీ తీసి ట్రాలీకి కట్టి, ట్రాక్టరుతో గుంజించాడు. ఒక్కసారి కాదు, రానీ, రానీ అంటూ ఊపి ఊపి గుంజించాడు. అంతసేపూ పైనుంచి గులాల్, ఆ గులాబీరంగు పొడి, కురుస్తూనే ఉంది.

"వినాయకుడు బురదల ఉంటె నీ తాళ్లు సూసుకుంట కూసుంటమా చెల్లె?" అన్నాడు.

"నా దారాలేయి?"

"అవా? సగం ఊడిపోయినయి. ఉన్నయి గులాల్ పట్టి గలీజు గలీజుగ ఉండె. కొసలు కోసేసి, అగ్గిపుల్లతోని కాల్చి నున్నగ చేసినం. నువ్వే చెప్తవు గద, కోసిన కొసను కాల్చకపోతె పోగులిడుస్తదని."

నేను చెప్పిందే. అక్షరం పొల్లుపోకుండా చేశారు. అంత శ్రద్ధగా వాళ్లు షెడ్డులో ఇంకే పనీ చేసి ఎరగరు. ఎర్రదారం లేదు, నల్లదారం లేదు. ఏది మనిషిదో, ఏది కొమ్మదో, ఏది వినాయకుడి బరువు మోసిందో, ఏది ట్రాక్టరు గుంజుకు సాగిందో చెప్పే గుర్తు ఒక్కటీ మిగల్లేదు. కోప్పడదామంటే నవ్వు వస్తోంది, నవ్వుదామంటే ఈ తాళ్లతోనే మనిషి ఎక్కాలని గుర్తొస్తోంది. ఇంతలో మేడం ఫోను. అన్నీ బండిలో వేసుకుని బయలుదేరాం.

బడి సందు మొదట్లోనే మా పెద్దబండి ఆగిపోయింది. ఒకవైపు కరెంటు స్తంభం, ఇంకోవైపు ఒక ఇంటి మెట్లు. మేడం స్కూటీ దిగి సందు వంక చూసింది, బండి వంక చూసింది. డ్రైవరన్న గబగబా దిగి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

నడిచి లోపలికి పోయాం. కొమ్మ నేను అనుకున్నదానికన్నా పెద్దది. గాలి వచ్చినప్పుడల్లా కిర్రుమంటోంది. కింద రేకుల గది గోడల మీద పిల్లల కోసం వేసిన కోతులు, మామిడిపండ్లు. హెడ్‌మాస్టరు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

తమ్ముడు చెట్టును రెండుసార్లు చుట్టివచ్చాడు. అతని కళ్లు మెరుస్తున్నాయి. అప్పటికే చెప్పులు విడిచాడు.

"నేనెక్కుత. ఇంకో తొవ్వ లేదు. అక్కా, తాడియ్యి."

"ఏ తాడు?"

"నా తాడు."

"నీది ఏదిరా?"

అతను చుట్టల దగ్గర కూర్చుని ఒక్కోదాన్ని చేత్తో నిమిరాడు. కండ్లు మూసుకుని నిమిరాడు. చివరికి ఒకటి తీసి భుజాన వేసుకున్నాడు. "ఇదే. నా తాడు నాకు ఎర్కలేదా? ఇన్నేండ్లసంది నన్ను మోస్తాంది. నా పెండ్లాం చెయ్యి ఎర్కలేదంటే అనుగాని, ఇది ఎర్కలేదనకు."

నేను ఆ తాడు తీసుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ల మధ్య నలుపుతూ చూశాను. ఎక్కడైనా మెత్తబడిందా, ఎక్కడైనా సన్నబడిందా అని. ఏమీ తగల్లేదు. మిగతావాటినీ అట్లాగే చూశాను. అన్నీ బాగున్నాయి. ఒక్కటి చెడిపోయి కనబడినా నాకు ప్రాణం హాయిగా ఉండేది. దాన్ని పక్కన పడేసి మిగతావి ఇచ్చేదాన్ని. అన్నీ బాగుండడమే నా చిక్కు. ఎందులో దెబ్బ ఉందో తెలియదు. అసలు ఉందో లేదో కూడా తెలియదు.

"ఎక్కద్దు" అన్నాను.

"ఏందక్కా?"

"ఈ తాళ్లల్ల ఏ తాడుతోని గూడ నువ్వు ఎక్కేది లేదు."

"నువ్వు గిట్లంటె రేపు పోరగాండ్లు యాడ కూసుంటరు? ఓ పక్క కొమ్మ కిర్రుమంటాంది."

"ఇంకో రూముల కూసుంటరు. లేకుంటె ఓ రోజు ఇంట్ల కూసుంటరు. నువ్వు కిందపడితె నిన్ను యాడ కూసోబెట్టాలె?"

"పడనే పడను. నీకు నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉన్నది. తాడు మీద లేదు."

"తాడు మంచిగున్నదని ఇప్పుడే సూస్తివి గద!"

"సూసిన. ఏం కనవడలే. గందుకే వద్దంటాన."

అతనికి ఇది బొత్తిగా అర్థం కాలేదు. మేడం వైపు తిరిగాడు. "మేడం, జర మీరు చెప్పుండ్రి. అక్కకు తన అక్క మనుమరాలి చెవులు కుట్టిచ్చి వచ్చినసంది అన్నిట్ల బొక్కలే కనవడుతానయి."

అందరూ నవ్వారు, నేను కూడా. మేడం మాత్రం నవ్వు ఆపుకుని నన్ను అడిగింది, "అమ్మా, ఖాయంగా వద్దంటున్నవా?" అని. ఖాయంగానే అన్నాను. తమ్ముడు భుజాన ఉన్న తాడు తీసి నేలకు కొట్టాడు. వేపచెట్టు కిందికి పోయి అటు తిరిగి కూర్చున్నాడు.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ధైర్యం ఏమీ లేదు. హెడ్‌మాస్టరు మొహం చూడలేకపోయాను. కొమ్మ కిర్రుమన్నప్పుడల్లా పైకి చూసేదాన్ని. నా మొండితనం వల్ల ఆ గది కూలిపోతే? ఇంకెవరైనా లోపలికి పోయిన సమయంలో కూలితే? ఇంత జరుగుతుండగా డ్రైవరన్న కనబడలేదు. సిగ్గుపడి బండిలో పడుకున్నాడనుకున్నాను. కాసేపటికి బడి వెనక గోడ మీదుగా అతని తల పైకి లేచింది.

"చెల్లె! ఈ గోడవతల చర్చి గ్రౌండున్నది! గేటు ఇంతున్నది! మన బండి నిద్రపొయ్యి గూడ లోపటికి పోతది!"

అందరం గోడ దగ్గరికి ఉరికాం. గోడ మీదుగా గంప చాస్తే కొమ్మ అందేట్టే ఉంది. కానీ ఆదివారం. లోపల ఆరాధన నడుస్తోంది. గ్రౌండు నిండా బైకులు. ఇంజను చప్పుడు చేసుకుంటూ దేవుడి దగ్గరికి ఎట్లా పోతాం? ఎదురుచూడడమే. డ్రైవరన్న లోపలికి పోయి చివరి వరసలో కూర్చున్నాడు. పాస్టరు అయ్యగారికి సంగతి ఎట్లాగైనా చేరవేయాలని అతని ఎత్తు. ఆయన ఆ రోజు మాట్లాడుతున్నది ఓర్పు గురించట. చాలాసేపు మాట్లాడాడు. చివరికి డ్రైవరన్న ఆగలేక చేయెత్తాడు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికనుకుని లేచి నిలబడమన్నారు. లేచి, "అయ్యగారూ, బయట కొమ్మొకటి పడేటట్టున్నది, బండ్లు జరుపుతరా?" అన్నాడు. అక్కడున్నవాళ్లు ఇప్పటికీ ఆ సాక్ష్యం చెప్పుకుని నవ్వుతారు. కానీ అందరూ వెంటనే లేచి వచ్చారు. బైకులు జరిపారు, గేటు తలుపులు తీసి పక్కన పెట్టారు.

బండి లోపలికి పోయింది. ఇప్పుడింకో తిప్పలు. గంప ఎత్తేముందు బండి నాలుగు కాళ్లు చాచి నేలకు ఆనించాలి. రాత్రి వానకు నేల నానిపోయి ఉంది. కాలు ఆనించగానే మన్నులోకి దిగిపోతోంది. కింద వెడల్పు పలకలు వేయాలి. మా దగ్గర ఉన్న పలకలు చాలవు.

డ్రైవరన్న ఫోను తీశాడు. ఆ బురదలో ట్రాలీ దిగబడ్డ కాలనీ పిల్లలకే చేశాడు. "మీ వినాయకుని పున్యాన మా తాళ్లు ఖరాబైనయి, మా చెల్లె మమ్ములను సంపుతాంది. మండపం పలకలు ఇంక ఇప్పలేదా? ఇప్పి పట్టుకరాండ్రి, దౌడు!" కాసేపటికే ట్రాలీ ఆటో నిండా మందపాటి పలకలతో, మొహాల మీద ఇంకా గులాల్ మరకలతో వాళ్లు దిగారు. చర్చికి వచ్చినవాళ్లు, మండపంవాళ్లు కలిసి పలకలు మోశారు. నేను ఒక్కో కాలు కింద రెండు వరసలు అడ్డంగా నిలువుగా వేయించి, బండి కాళ్లు ఆనించమన్నాను. దిగలేదు. బండి వంగలేదు. గంప ఖాళీగా ఒకసారి ఎత్తించి, దించి చూశాను.

తమ్ముణ్ణి పిలవడానికి నేనే పోయాను.

"రా. గంపల ఎక్కు."

"కోడిని గంపల పెట్టినట్టు నన్ను అందుల పెడుతవా?"

"కోడికి బెల్టుండదు. నీకుంటది. రా."

గంపలో కట్టుకునే బెల్టు బండిదే. ఎప్పుడూ బండి పెట్టెలోనే ఉంటుంది. ట్రాలీ గుంజడానికి దాన్నెవరూ తీయలేదు. అదొక్కటి నా అదృష్టం. తమ్ముడు మొహం ముడుచుకుని బెల్టు పెట్టుకున్నాడు. నేను కొక్కెం గుంజి చూశాను. నా వంక చూడకుండానే పైకి పోయాడు. ఆ రోజు పాట లేదు.

కోసిన ముక్కలు దించడానికి మాత్రం ఆ గులాబీ తాళ్లే ఇచ్చాను. తెగితే కొమ్మ పడుతుంది, అంతే. ఆ చుట్టుపక్కలకు ఎవరినీ రానివ్వలేదు. మొదటి ముక్క కోశాడు. తాడుకు వేలాడుతూ మెల్లగా దిగింది. పైనుంచి కేక.

"అక్కా! తెగలే!"

రెండో ముక్క, కాస్త పెద్దది. అదీ దిగింది.

"అక్కా! ఇది గూడ తెగలే!"

గోడ మీద కూర్చున్న మండపం పిల్లలకు ఇది భలే నచ్చింది. ఆ తర్వాత ప్రతి ముక్కకూ అందరూ కలిసి "తెగలే!" అని అరవడమే. చర్చివాళ్లలో ముసలమ్మలు కూడా కలిశారు. వాళ్లలో ఒకామె నా పక్కన కూర్చుని, "ఎందుకు బిడ్డా గట్ల నిన్ను ఎక్కిరిస్తాన్లు?" అని అడిగింది. "నేనే ఎక్కిరిచ్చుకున్న తియ్యమ్మా" అన్నాను.

సాయంత్రానికి కొమ్మ మొత్తం దిగింది. రేకు ఒకటి సొట్టపడింది తప్ప గదికి ఏమీ కాలేదు. ఏ తాడూ తెగలేదు. తమ్ముడు గంప దిగి, బెల్టు విప్పి నా చేతిలో పెట్టాడు.

"ఇప్పుడేమంటవక్కా?"

"ఏమంట? తెగలే" అన్నాను.

హెడ్‌మాస్టరు అందరికీ చాయ్ తెప్పించాడు. మేడం తన గ్లాసు తీసుకుని నా పక్కన కొమ్మ మొద్దు మీద కూర్చుంది.

"అమ్మా, తాళ్లన్నీ ఇయ్యాల బరువు పట్టినయి గద?"

"పట్టినయి మేడం."

"మరి వాటినే వాడుకుంటే? కొత్తవి రావాలంటే శానా రోజులైతది. అందాక ఎక్కే పని ఆగిపోతది."

"ఇయ్యాల పట్టినయి మేడం. రేపటి సంగతి నాకు చెప్తలేవు."

ఆమె కాసేపు చాయ్ ఊదుకుంది. "షెడ్డు నీది" అన్నది. పోతూ పోతూ డ్రైవరన్న దగ్గర ఆగి, ఆ సందు చూపించి, "వచ్చేసారి చిన్నబండి కొందామా?" అని అడిగింది. "మీ ఇష్టం మేడం, చదువుకున్నోళ్లు" అన్నాడాయన. ఆ మాటకు మళ్లీ అందరం నవ్వాం.

తమ్ముడు మాత్రం నవ్వలేదు. అతని బాధ నాకు తెలుసు. తాళ్లు లేకపోతే, కొత్తవి వచ్చేదాకా అతణ్ణి పార్కుల్లో కంచెమొక్కలు కత్తిరించడానికి పంపుతారు. మోకాలెత్తు మొక్కలు. ఊళ్లోకెల్లా పొడుగు చెట్లెక్కినవాడు. దాని మీద వచ్చేపోయేవాళ్ల పరాచికాలు. షెడ్డులో తాళ్లు దించుతూ, "నా ఒక్క తాడన్న ఉంచక్కా. మిగిలినయి ఏమన్న చేస్కో" అన్నాడు. గొంతులో కోపం లేదు. అడిగినట్టే ఉంది.

డ్రైవరన్న ఒక సలహా ఇచ్చాడు. "ఓ మూలకు పెట్టు చెల్లె. నాలుగొద్దులు పోతె మన పోరడే మర్శిపోతడు." నేను భయపడింది అదే. అందరూ మరిచిపోతారు. మళ్లీ ఒక గాలివాన రోజు, అందరూ తొందరపెడుతుంటే, మూలన చక్కగా చుట్టపెట్టిన తాళ్లు ఎవరికో కనబడతాయి. ఆ రోజు నేను ములుగులో ఉండొచ్చు, దవాఖానలో ఉండొచ్చు, రిటైరై ఇంట్లోనే ఉండొచ్చు.

మర్నాడు పొద్దున్నే పోయి షెడ్డు తీశాను. తాళ్లన్నీ గచ్చు మీద పరిచాను. దోటి కర్రకు కట్టే కొడవలి తీసి, రాయి మీద బాగా నూరాను. అతను భుజాన వేసుకున్న తాడునే మొదట తీసుకున్నాను. మిగతావి ముందు కోస్తే దీని దగ్గరికి వచ్చేసరికి నా చేయి ఆగుతుందని తెలుసు. మూడు బారల దగ్గర, చెట్టెక్కడానికి చాలనంత పొట్టిగా, మడిచి కొడవలికి వేసి గుంజాను.

తెగేసరికి వాకిట్లో నీడ పడింది. తమ్ముడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో తెలియదు. లోపలికి వచ్చి, కోసిన కొస తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. నాకు కూడా చూపించాడు. పైన గులాబీ, లోపల పాలలా తెలుపు. ఒక్క పోగు కూడా తెగి లేదు.

"సూసినవా?" అన్నాడు.

"సూసిన. మంచిగున్నది" అన్నాను.

ఆ తాడునే ఇంకో మూడు బారలు జరిపి మళ్లీ కొడవలికి వేశాను. వదులుగా ఉండి జారుతోంది, తెగడం లేదు. అతను చేతిలోని కొస కింద పెట్టాడు. తర్వాత గచ్చు మీద నా ఎదురుగా కూర్చుని, రెండో కొస చేతికి చుట్టుకుని బిగించి పట్టుకున్నాడు.

"ఊ, కొయ్యి" అన్నాడు.